నీళ్లు దాటి వెళ్లినవాళ్లు

“నీళ్ల మీద పోవుడేంది బిడ్డా? తిరగనీకి భూమ్మీద జాగ లేదా?”

అండమాన్ టికెట్ల సంగతి చెప్పగానే మా అత్తమ్మ అన్న మాట ఇది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న చెయ్యి ఆపి, నా మొహంలోకి చూసి మరీ అంది. నేను నవ్వి ఊరుకున్నాను. పెద్దవాళ్లకు సముద్రమంటే భయం, సముద్రం దాటితే పాపమన్న నమ్మకం, అంతే అనుకున్నాను. ఆ మాటకు అసలు అర్థం ఇల్లు చేరాక గానీ నాకు తెలియలేదు. అది చివర్లో చెప్తాను.

పెళ్లయిన ఇరవై రెండేళ్లకు మేమిద్దరమే బయల్దేరిన మొదటి ప్రయాణం ఇది. అంతకుముందు వెళ్లినవన్నీ యాదగిరిగుట్ట, వేములవాడ, ఏడుపాయల, రెండుసార్లు తిరుపతి. ప్రతిసారీ పిల్లలు, అత్తమ్మ, పులిహోర డబ్బా, మందుల సంచి. ఈసారి అమ్మాయి ఇంజనీరింగ్ చివరి ఏడాదికి వచ్చింది, అబ్బాయి ఇంటర్. “నానమ్మను మేం చూస్కుంటం, మీరు పోండి” అని వాళ్లే తోశారు. జనవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటుందని మా ఆయన గండిమైసమ్మ దగ్గర ఉన్న ఎలక్ట్రికల్ షాపు తమ్ముడికి అప్పజెప్పి పది రోజులు సెలవు పెట్టాడు. మా దుండిగల్‌లో పొద్దున లేస్తే నెత్తిమీద ఎయిర్‌ఫోర్స్ అకాడమీ విమానాలే. “ఇన్ని విమానాల కింద బట్టలారేస్తున్నా, ఒక్కసారీ ఎక్కింది లేదు” అని నేనెప్పుడో అన్న మాట ఆయన మనసులో పెట్టుకున్నాడట. పోయేటప్పుడు విశాఖ నుంచి ఓడ, వచ్చేటప్పుడు విమానం. అదీ లెక్క.

ఎక్కడికన్నా వెళ్లేముందు ఆ ఊరి గురించి చదవడం నాకు అలవాటు. బి.ఏ. తెలుగు చదివిన దానికి మిగిలింది ఆ ఒక్క అలవాటే అని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. అండమాన్ గురించి చదువుతుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. తూప్రాన్ పేరు కనిపించింది.

మా తల్లిగారి ఊరు తూప్రాన్ పక్కనే. మా ఇంటి నుంచి మేడ్చల్ మీదుగా సుమారు నలభై కిలోమీటర్లు. ఆ దారిలో ఎన్ని వందలసార్లు బస్సెక్కానో లెక్కలేదు. పండుగకు, పురుటికి, చావుకు, అన్నిటికీ అదే రోడ్డు. అండమాన్ వెళ్లాల్సిన ఒక మనిషి ఆ రోడ్డు పక్కనే చచ్చిపోయాడని నాకు ఒక్కరూ చెప్పలేదు.

ఆయన పేరు తుర్రేబాజ్ ఖాన్. 1857 జూలై 17, శుక్రవారం. ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు మొదలై రెండు నెలలు దాటింది. హైదరాబాద్‌లో నిజాం, ఆయన దివాన్ సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్షమే. అయినా ఆ సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడవగా రొహిల్లాలు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. అరెస్టయి రెసిడెన్సీలో బందీగా ఉన్న చీదా ఖాన్ అనే జమేదారును, అతని వాళ్లను విడిపించాలని వాళ్ల ప్రయత్నం. ఈ సంగతి సాలార్‌జంగ్ ముందే రెసిడెంట్‌కు చేరవేశాడు. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లారేసరికి అంతా అయిపోయింది.

ఆ రెసిడెన్సీ ఏదో తెలుసా? మనలో చాలామంది చదువుకున్న కోఠీ విమెన్స్ కాలేజీ, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం. ఆ పెద్ద మెట్ల మీద కూర్చుని మనం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం. దాని పక్క రోడ్డుకు తుర్రేబాజ్ ఖాన్ పేరే ఉంది. మూడేళ్లు ఆ చుట్టుపక్కల తిరిగిన నేను ఆ పేరు ఎవరిదని ఏనాడూ అడగలేదు.

తర్వాత ఇద్దరూ పట్టుబడ్డారు. ఇద్దరికీ ఒకటే శిక్ష, యావజ్జీవ ద్వీపాంతరవాసం. అంటే అండమాన్. మౌల్వీ అల్లావుద్దీన్‌ను నిజంగానే ఓడెక్కించారు. ఆయన మళ్లీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే కన్నుమూశాడు. తుర్రేబాజ్ ఖాన్ మాత్రం ఓడ ఎక్కకముందే, 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. ఆయన తల మీద బహుమానం ప్రకటించారు. కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర దొరికాడు. అక్కడే చంపి, శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనం చూసేలా వేలాడదీశారు.

ఇది చదివిన రాత్రి మా ఆయనకు చెప్పాను. సూట్‌కేస్‌లో బట్టలు సర్దుతున్న మనిషి ఆగి, “అంటే ఆయన పోవద్దని ప్రాణం ఇచ్చిన జాగకు మనం పైసలు కట్టి పోతున్నం” అన్నాడు. అప్పటికి ఇద్దరం నవ్వుకున్నాం.

*

విశాఖ నుంచి అండమాన్‌కు సుమారు 1200 కిలోమీటర్ల నీళ్లు. నెలకు ఒకసారి లెక్కన ప్రభుత్వ ఓడ ఉంటుంది. దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. టీవీలో చూపించే విహార నౌకలా ఈత కొలనులు, నాట్యాలు ఊహించుకోకండి. ఇది జనం ఓడ. పైన కేబిన్లు, కింద రైలు బెర్తుల్లాంటి బంకులు, ఒక క్యాంటీన్. నేను తీసుకెళ్లిన ఎండబెట్టిన ఉసిరి ముక్కలు, అల్లం మురబ్బా మొదటి రాత్రే అయిపోయాయి, చుట్టుపక్కల వాంతుల వాళ్లకు పంచి. వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఇవి మర్చిపోవద్దు.

రెండో రోజు పొద్దున డెక్ మీద నిలబడితే చుట్టూ నీళ్లే. మన చెరువులు, కుంటలు చూసిన కళ్లకు ఒడ్డు లేని నీళ్లు చూస్తే కడుపులో ఏదోలా ఉంటుంది. ద్వీపం అన్న మాటకు మా లెక్చరర్ చెప్పిన వ్యుత్పత్తి గుర్తొచ్చింది. రెండు వైపులా నీళ్లున్నది ద్వీపం. ద్వీపాంతరం అంటే మరో దీవి. ఎంత అందమైన మాట! దాని పక్కన వాసం అని చేర్చి, కోర్టువాళ్లు దాన్ని ఉరిశిక్ష తర్వాత అంత భయంకరమైన మాట చేశారు. హిందీవాళ్లు కాలాపానీ అన్నారు. నల్లటి నీళ్లు.

సముద్రం దాటితే కులం పోతుందని, ప్రాయశ్చిత్తం చేసుకోవాలని పాత ధర్మశాస్త్రాల్లో ఉంది. అందుకే ఆ రోజుల్లో కొందరు ఖైదీలకు చావుకన్నా ఓడెక్కడమే పెద్ద శిక్షగా తోచింది. తెల్లదొరలకు అది బాగా తెలుసు, తెలిసే ఆ శిక్ష వాడుకున్నారు. కానీ మన తెలుగువాళ్లంతా సముద్రానికి భయపడి కూర్చున్నవాళ్లు కాదు. మన ఓరుగల్లు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. పాత రాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారని, తాను న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టనని సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. తర్వాత రోజుల్లో గోదావరి మొగ దగ్గర కోరంగి రేవు నుంచి ఎంతమంది కూలికి ఓడలెక్కారంటే, మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లకు కోరంగులనే పేరు పడింది. ఆకలి ముందు ప్రాయశ్చిత్తం ఎవరికి గుర్తుంటుంది?

మా పక్క బంకులో ఒక పెద్దావిడ. శ్రీకాకుళం వైపు పల్లె. చెల్లెలి మనవరాలి పెళ్లికి వచ్చి తిరిగి వెళ్తోంది. నేను అందరినీ అడిగినట్టే “చూడ్డానికి వెళ్తున్నారా?” అని అడిగాను.

“సూడ్డానికేటమ్మా? మేం ఇంటికెల్తన్నాం” అంది.

నాకు సిగ్గేసింది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో ఉన్నవాళ్లలో దాదాపు 13 శాతం మంది తెలుగు మాట్లాడేవాళ్లు. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలు పట్టడానికి, రేవు పనులకు, మేస్త్రీ పనులకు వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు. ఈవిడ ఇల్లు జంగ్లీఘాట్ దగ్గర. ముందు వాళ్ల మామ వెళ్లాడట. అత్త పదేళ్లు ఊళ్లోనే ఉంది. “ఎన్నిపాల్లు కబురెట్టినా ఇదిగో అదిగో అనీవోడట. ఓ రోజు మా అత్త మెళ్లో గొలుసమ్మీసి, ఇద్దరు పిల్లల్నీ సంకనేసుకుని ఓడెక్కీసింది. ఎవుల్నీ అడగనేదు” అంది ఆవిడ.

ఆ మాట విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకో చెప్పాలి.

మా ఆయన ఎనిమిదేళ్లు దుబాయ్‌లో ఉన్నాడు. మామయ్య జబ్బు, ఆడబిడ్డ పెళ్లి, ఇంటి అప్పు. అమ్మాయికి రెండేళ్లప్పుడు వెళ్లాడు, పదేళ్లప్పుడు వచ్చాడు. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చాడు. మా బాబు ఒక సెలవుకూ మరో సెలవుకూ మధ్య పుట్టాడు, తండ్రిని మొదటిసారి చూసినప్పుడు నా కొంగు వెనక దాక్కున్నాడు. ఆయన జీతానికి కుటుంబ వీసా రాదు. నాకు గొలుసు లేక కాదు, ఆ ఓడ నా కోసం లేదు. శుక్రవారం వాళ్లకు సెలవు. శుక్రవారం మధ్యాహ్నం ఫోను. నేను ఆ ఎనిమిదేళ్లు శుక్రవారాల్లో బతికాను. ఆయన తిరిగొచ్చాక అక్కడి సంగతులు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. డబ్బు గురించి, పిల్లల ఫీజుల గురించి, షాపు గురించి మాట్లాడుకున్నాం. ఆ ఎనిమిదేళ్ల గురించి మాత్రం లేదు.

*

ఓడ చేరే ఊరికి 1789లో వచ్చిన సర్వేయరు ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరు మీద పోర్ట్ బ్లెయిర్ అని పేరు పడింది. 2024లో దాన్ని శ్రీ విజయపురం అని మార్చారు. ఓడవాళ్లు, ఆటోవాళ్లు ఇంకా బ్లెయిర్ అనే అంటున్నారు.

బ్లెయిర్ కాలంలో పెట్టిన స్థావరం జబ్బుల వల్ల కొన్నేళ్లకే ఎత్తేశారు. 1857 తర్వాత మళ్లీ గుర్తొచ్చింది. పట్టుబడ్డ తిరుగుబాటుదారులందరినీ ఉరితీయలేరు, దేశంలో జైళ్లు చాలవు. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో సెమిరామిస్ ఓడలో అక్కడ దిగాడు. అడవులు కొట్టింది, రోడ్లు వేసింది, వాళ్ల సంకెళ్లు వాళ్లే మోసుకుంటూ ఈ ఖైదీలే. ఆ అడవి అప్పటికే కొందరి ఇల్లు అన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. గ్రేట్ అండమానీలు, జారవాలు, ఓంగేలు వేల ఏళ్లుగా అక్కడ ఉన్నారు. ఖైదీలు, కాపలావాళ్లు తెచ్చిన తట్టు, సవాయి రోగాలకు గ్రేట్ అండమానీలు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఇప్పుడు కొన్ని పదుల మందే మిగిలారు.

సెల్యులార్ జైలు ఇంకా తర్వాతిది. 1896లో మొదలై 1906లో పూర్తయింది. నడిమధ్య ఒక బురుజు, దాని నుంచి బండిచక్రం ఆకుల్లా ఏడు రెక్కలు. ఒక రెక్క ముందు భాగానికి ఎదురుగా మరో రెక్క వీపు వస్తుంది. అంటే ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ మొహం కనపడదు. దాదాపు ఏడువందల గదులు, గదికొక మనిషి. సెల్యులార్ అన్న పేరు అందుకే. గొళ్లెం తలుపుకు దూరంగా గోడ గూట్లోకి పోతుంది, లోపలి చెయ్యి ఎంత చాచినా అందదు. గానుగకు ఎద్దుల బదులు మనుషుల్ని కట్టి కొబ్బరినూనె తీయించారు. రోజుకు ముప్పై పౌండ్లు, అంటే పదమూడు కిలోలకు పైగా. తగ్గితే దెబ్బలు. ఇంటికి ఏడాదికి ఒక్క ఉత్తరం.

మన్యం పోరాటం ఖైదీలూ అక్కడికి చేరారు. అల్లూరి సీతారామరాజు దళంలోని గాం మల్లుదొరకు మొదట ఉరిశిక్ష వేసి, తర్వాత అండమాన్ శిక్షగా మార్చారు. ఆయన బతికి బయటపడి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. ఆ గదుల నుంచి పార్లమెంటుకు! 1933లో ఖైదీలు నిరాహార దీక్ష చేస్తే, బలవంతంగా పాలు పోయడంలో ముగ్గురు చనిపోయారు. 1937లో మళ్లీ దీక్ష చేసి, చివరికి రాజకీయ ఖైదీలంతా తిరుగు ఓడ ఎక్కగలిగారు. ఇప్పుడు ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. 1979లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

గైడు ఇదంతా గబగబా చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. మా ఆయన ఒక గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. సుమారు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. పైన చిన్న కిటికీ. ఆయన ఎలక్ట్రీషియన్, గది కనిపిస్తే అడుగులతో కొలుస్తాడు. కొలిచి, గోడకు చెయ్యి ఆనించి అన్నాడు.

“మా క్యాంపు రూము గింతే ఉండె. ఇంకొంచెం పెద్దగ ఉండెనేమో. ఆరుగురం.”

నేను గడప దగ్గరే ఆగిపోయాను. “ఎన్నడూ చెప్పలేదేం?”

“చెప్తే వచ్చెయ్యమందువు.”

“అంటే వచ్చేవాళ్లు కదా.”

“వస్తే అప్పెవరు కడ్తరు?” అన్నాడు. తర్వాత ఆయనే, “వీళ్లతోని మాకు పోలికేంది. మేం మా ఇష్టానికి పోయినోళ్లం. నెలకు జీతమొచ్చేది” అని బయటికి వచ్చేశాడు.

నిజమే, పోలిక లేదు. సంకెళ్లు వేరు, అప్పు వేరు. దేశం కోసం పోవడం వేరు, ఇంటి కోసం పోవడం వేరు. కానీ గది కొలత తెలిసిన మనిషి పక్కన నిలబడి ఆ జైలు చూడటం కూడా వేరేగానే ఉంటుంది. సాయంత్రం అక్కడ వెలుగు-ధ్వని ప్రదర్శన ఉంటుంది, ఆవరణలోని రావిచెట్టు కథ చెప్తున్నట్టు. ఏడాదికొక ఉత్తరం అన్నచోట ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మా ఇళ్లల్లో నలుగురిలో చేతులు పట్టుకోవడం అలవాటు లేదు. చీకటి కదా అని నేనూ వదిలించుకోలేదు.

*

మర్నాడు పడవలో రాస్ దీవికి వెళ్లాం. పది పదిహేను నిమిషాల దూరం. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 1942లో జపానువాళ్లు వచ్చేదాకా అధికారుల నివాసం ఇదే. చర్చి, బేకరీ, క్లబ్బు, టెన్నిస్ మైదానం అన్నీ ఉండేవి. ఇప్పుడు ఆ గోడల్ని మర్రి వేళ్లు పట్టుకుని నిలబెట్టాయి. జింకలు, నెమళ్లు మనుషుల మధ్యే తిరుగుతాయి. ఎదురుగా నీళ్లకు అవతల జైలు. దొరసానులు ఇక్కడ టీ తాగుతుంటే అక్కడ గానుగ తిరిగేది.

ఆడ ఖైదీలు కూడా ఉండేవాళ్లని నాకు ఈ చదువులోనే తెలిసింది. పోర్ట్ బ్లెయిర్ సౌత్ పాయింట్ దగ్గర వాళ్లకు వేరే జైలు. పని నేత, కుట్టు. మగవాళ్లతో పోలిస్తే వాళ్ల సంఖ్య చాలా తక్కువ. చాలామందిది హత్య నేరం. కన్నబిడ్డను చంపిన నేరం మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ కాలంలో విధవకు బిడ్డ పుడితే ఊరు ఏం చేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్లు శిక్ష గడిచాక, మంచి నడవడి ఉన్న మగ ఖైదీకి సొంతంగా బతికే అనుమతి చీటీ ఇచ్చేవాళ్లు. కొంచెం భూమి, ఒక గుడిసె. కావాలంటే ఊరి నుంచి భార్యాపిల్లల్ని రప్పించుకోవచ్చు. వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. మిగతావాళ్లకు ఆడ జైలు నుంచే పెళ్లి సంబంధం. అధికారి ముందు ఆడవాళ్లను వరసగా నిలబెడితే మగవాడు వచ్చి చూసుకునేవాడట. కానీ ఒకటుంది. ఆమెకు వద్దనే హక్కు ఉండేది. బయట ఎనిమిదేళ్లకు పెళ్లిళ్లు చేస్తున్న రోజుల్లో, జైల్లో ఉన్న ఆడదాన్ని “నీకు ఇష్టమేనా?” అని అడిగారన్న మాట! పంజాబువాడికి తెలుగుపిల్ల, బెంగాలీకి మరాఠీ అమ్మాయి. కులం ఎలాగూ నీళ్లలో పోయింది. వాళ్ల పిల్లల్ని ‘లోకల్ బార్న్’ అని ఇప్పటికీ పిలుస్తారు. అందరి ఇళ్లల్లో కలగలిసిన హిందీ. కులం చూడని సంబంధాలు.

అదంతా మంచిదని చెప్పట్లేదు. జైలు గేటు దగ్గర నిలబెట్టి చూసుకునే పెళ్లిచూపుల్లో ఏం గౌరవం ఉంటుంది? అటు ఊళ్లో ఉన్న భార్య సంగతేంటి? ఆమె మొగుడు బతికే ఉన్నాడు, కానీ రాడు. బొట్టు తీయలేదు, పండక్కి కొత్త చీర కట్టలేదు. అతనికి అక్కడ మళ్లీ పెళ్లయిందని ఆమెకు తెలిసేదో లేదో. మగవాళ్ల పేర్లు జైలు గోడల మీద పాలరాతి పలకల్లో చెక్కి ఉన్నాయి. నేను ఒక్కో పేరూ చదువుతూ ఆ పేరు కోసం ఎక్కడో ఎదురుచూసిన గడపను ఊహించుకున్నాను. శుక్రవారం ఫోను కూడా లేని గడప.

*

తర్వాత మూడు రోజులు దీవి నుంచి దీవికి ఫెర్రీల్లో. ముందు హావ్‌లాక్, తర్వాత నీల్. చుట్టూ కొత్తజంటలే. ఎర్రగాజుల చేతులు, మెహందీ, ఫోటోగ్రాఫర్లు. మా వయసువాళ్లం నలుగురమో ఐదుగురమో. రాధానగర్ బీచ్ ఇసుక జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది. నేను చీర చెంగు బిగించి మోకాళ్ల దాకా వెళ్లి నిలబడ్డాను. కాళ్ల కింద ఇసుక జారుతుంటే చిన్నపిల్లలా కేక పెట్టాను. మా ఆయన ఫోను తీసి ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. ఇల్లు చేరాక చూస్తే నూట పది నావే, ఆయనవి మూడు.

ఈ రెండు దీవుల పేర్లు ఎవరివో తెలిస్తే ఒళ్లు మండుతుంది. హావ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచడానికి వెళ్లిన ఇంగ్లీషు సైన్యాధికారులు. అలహాబాద్, కాన్పూర్‌లలో నీల్ చేసిన క్రూరత్వం ఆనాటి ఇంగ్లీషువాళ్లలో కొందరికే నచ్చలేదు. ఇద్దరూ ఆ ఏడాదే లక్నోలో చచ్చారు. ఎవరిని అణిచారో వాళ్లను తెచ్చి పడేసిన చోట, అణిచినవాళ్ల పేర్లు పెట్టారు. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో మూడురంగుల జెండా ఎగరేసి ఈ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు ప్రకటించాడు. సరిగ్గా 75 ఏళ్లకు, 2018 డిసెంబరు 30న హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపం, నీల్ షహీద్ ద్వీపం అయ్యాయి.

అయితే నాకు అంతకన్నా నచ్చినవి ఊళ్ల పేర్లు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి సర్వం పోగొట్టుకుని వచ్చిన కాందిశీకులకు ఈ దీవుల్లో భూములిచ్చారు. వాళ్లు హావ్‌లాక్‌లో గోవిందనగర్, రాధానగర్, శ్యామ్‌నగర్ అన్నారు. నీల్‌లో సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, రామ్‌నగర్. ఇల్లు వదిలి అడవి పాలైనవాళ్లకు వనవాసం చేసినవాళ్లే గుర్తుకు రావడంలో వింతేముంది? లక్ష్మణ్‌పూర్ ఒడ్డున సూర్యాస్తమయం చూస్తూ నాకు ఊర్మిళ గుర్తొచ్చింది. ఆవిడ పేరుతో ఊరు ఉందా అని కొబ్బరిబోండాల ఆయన్ని అడిగాను. ఆయన నవ్వి, లేదన్నాడు.

ఆ రాత్రి వసారాలో కూర్చుని మా ఆయన తనంతట తానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆరుగురిలో ఎవరు గురక పెట్టేవారో, ఎండకు ముక్కుల్లోంచి రక్తం కారిన రోజు ఎవరు సాయం పట్టారో, శుక్రవారం ఫోను పెట్టేశాక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎలా పడుకునేవారో. నేనూ చెప్పాను. బాబుకు జ్వరం ఎక్కువై అర్ధరాత్రి ఆటో దొరక్క మేడ్చల్ దాకా పాలబండిలో పోయిన సంగతి అప్పటిదాకా ఆయనకు తెలియదు. “చెప్పలేదేం?” అన్నాడు. “చెప్తే వచ్చేసేటోళ్లు” అన్నాను. అప్పు ఎవరు కడ్తరని ఈసారి ఎవరం అనుకోలేదు.

*

తిరుగు విమానంలో కిటికీ సీటు నాది. రెండున్నర రోజుల నీళ్లు రెండున్నర గంటల్లో దాటాం. 1955లో చట్టం మార్చి, మన శిక్షాస్మృతిలోంచి ద్వీపాంతరవాసం అన్న మాటే తీసేశారు. 1956 నుంచి ఆ చోట యావజ్జీవ ఖైదు వచ్చింది. మాట పోయింది గనక ఇప్పుడు మా పిల్లలకు అండమాన్ అంటే హనీమూన్ ఒక్కటే.

అక్కడి నుంచి గవ్వ, పగడపు ముక్క ఏదీ తీసుకురాకూడదు, నేరం. కాబట్టి ఉత్త చేతులతో ఇల్లు చేరాం. అత్తమ్మ గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ అక్కడే ఉందట, మా అమ్మాయి చెప్పింది. కొడుకు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, చిన్నపిల్లాడికి దెబ్బ తగిలిందేమో చూసినట్టు.

“చూసినవా అత్తమ్మా, నీళ్ల మీద పోయి కూడా మంచిగ వచ్చినం. పాపం ఏం అంటలే” అన్నాను నవ్వుతూ.

“పాపం ఎవ్వలకు కావాలె బిడ్డా” అంది. “వీడు ముందుగాల నీళ్లు దాటినప్పుడు రెండేండ్లల్ల వస్తనని పోయిండు. ఎనిమిదేండ్లయింది. మీ మామ చూపు దక్కలే. ఈసారి నువ్వు గూడ పోతివి. నేనెట్ల నిద్రపోతనే?”

మామయ్య పోయినప్పుడు మా ఆయన రాలేకపోయాడు. సెలవు దొరకలేదు. ఎదురుచూసిన గడప మా ఇంట్లో నాది ఒక్కదానిదే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. పక్కగదిలో ఇంకొకటి ఉంది. మా ఆయన మాట్లాడకుండా అమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నేను లోపలికెళ్లి ముగ్గురికీ టీ పెట్టాను.

మొన్న ఉగాదికి తల్లిగారింటికి వెళ్తుంటే అత్తమ్మ కూడా కారులో ఉంది. తూప్రాన్ వచ్చినప్పుడు పిల్లలకు తుర్రేబాజ్ ఖాన్ గురించి చెప్పాను. అత్తమ్మ అంతా విని ఒకటే అడిగింది.

“ఆయనకు పెండ్లాం పిల్లలున్నరా?”